కడలి యాత్రకు తిథి నిర్ణయం

పెండ్లికి ముహూర్తం, నాట్లకు కార్తె చూచే మనవారు విహారయాత్రకు మాత్రం బస్సు దొరికిన రోజే మంచిరోజని సరిపెట్టుకుంటారు. పాఠశాలల యాత్రలు చాలవరకు ఇట్లే సాగుతున్నవి. రాత్రి బస్సెక్కి, తెల్లవారి దిగి, రెండు రోజులలో పది పన్నెండు చోట్లు చుట్టి, మూడవనాటికి ఇల్లు చేరడం పరిపాటి. గుళ్లకూ కోటలకూ ఈ పద్ధతి కొంత చెల్లుతుంది. అవి ఎప్పుడు పోయినా అక్కడనే ఉంటవి. సముద్రతీరం అట్టిది కాదు. ఉదయం నడిచిన ఇసుక మధ్యాహ్నానికి నీటి క్రిందికి పోతుంది. మాఘంలో చెట్టు నిండా కనిపించిన పక్షులు వైశాఖంలో కనిపించవు. తీరం చూడదలచినవారు దూరం లెక్క వేయడానికి ముందు కాలం లెక్క వేసుకోవలె.

విశాఖపట్నం నుండి శ్రీకాకుళం జిల్లా బారువకు రమారమి 200 కిలోమీటర్లు. కారుకు అది ఒక పూట పని. కాని ఆ పూటలో సముద్రం ఎంతసేపు కనబడుతుందో పటం పరచి చూస్తే నిరాశ కలుగుతుంది. భీమునిపట్నం దాకా బాట కడలి ఒడ్డునే సాగుతుంది. ఆపైన యాత్రికుడు ఎక్కవలసిన 16వ నంబరు జాతీయ రహదారి చాలమేరకు లోపలి నేల మీదనే పోతుంది. మధ్యలో నదులున్నవి. గోస్తని భీమిలి వద్ద, చంపావతి కోనాడ వద్ద, నాగావళి కళ్లేపల్లి వద్ద, వంశధార కళింగపట్నం వద్ద, మహేంద్రతనయ బారువ వద్ద సముద్రంలో కలుస్తవి. సంగమాల వద్ద ఇసుక తిన్నెలు చోటు మారుతూ ఉంటవి. దాటే దారి ఎగువన వెదకుకోవలసిందే. అందుచేత రహదారి దువ్వెన వెన్నువలె పొడుగునా పోతుంటే, పల్లెదారులు దాని పండ్లవలె సముద్రానికి దిగుతవి. ఒక పంటి వెంబడి దిగి, మరల వెన్ను దాకా వచ్చి, మరొక పంటిని దిగవలె. ఇట్లా దిగి ఎక్కితే పూట ప్రయాణం నాలుగు రోజులవుతుంది. నాలుగు రోజులు లేనివారు భీమిలి వరకే చూచి తృప్తిపడడం మేలు.

ఇక నెల. దసరా సెలవులు ఎక్కువగా అక్టోబరులో పడతవి. తుఫానులకూ అదే కాలం. హుద్‌హుద్ విశాఖను తాకినది 2014 అక్టోబరు 12న; తిత్లీ శ్రీకాకుళం తీరాన్ని తాకి ఉద్దానం కొబ్బరితోటలను కూల్చినది 2018 అక్టోబరు 11న. వేసవిలో ఎండ సరే, చూడవలసిన పక్షులూ తాబేళ్లూ కూడ ఉండవు. ఏప్రిల్ 15 నుండి జూన్ 14 దాకా మరపడవల వేటకు నిషేధం గనుక రేవులలో సందడి సైతం తగ్గుతుంది. అన్నీ కూడి వచ్చే కాలం ఫిబ్రవరి నెలాఖరు. కాని అది పరీక్షల ముంగిలి! పదవ తరగతి పిల్లలను ఆ రోజులలో కదిలించడానికి ఏ ప్రధానోపాధ్యాయుడూ ఒప్పుకోడు, ఒప్పుకోవడం న్యాయమూ కాదు. ఎనిమిదవ తరగతి వారిని తీసుకొనిపోవచ్చు. శనివారం, ఆదివారం, శివరాత్రి సెలవు కలిసివచ్చిన ఏడు మరీ మంచిది.

తొలినాడు భీమిలి బాట. తొట్లకొండ మీద బౌద్ధారామం ఉన్నది. 1976లో నౌకాదళం వారి విమాన పరిశీలనలో అది బయటపడినది. రాతిలో తొలిచిన నీటి తొట్లే ఆ కొండకు పేరిచ్చినవి. అక్కడినుండి దిగితే మంగమారిపేట వద్ద అలలు తొలిచిన శిలాతోరణం. దానిని ఆటు వేళనే చూడవలె. పోటులో దగ్గరకు పోరాదు. ఆటుపోట్లు దినమూ సుమారు యాభై నిమిషాలు ఆలస్యంగా వస్తవి. అమావాస్యకూ పున్నమికీ దగ్గరలో నీరు ఎక్కువ దూరం తీసి, ఎక్కువ ఎత్తుకు వస్తుంది. పంచాంగం, గడియారం ముందుంచుకొని పిల్లలచేత ఈ లెక్క కట్టించవచ్చు. తుది మాట మాత్రం ఆ ఊరి బెస్తవారిది. సముద్రస్నానం విషయంలోనూ వారి మాటే వినవలె. ఒడ్డున శాంతంగా కనిపించే నీటి అడుగున లోపలికి లాగే ప్రవాహాలుంటవి.

ఆ దినంలో మిగిలిన కాలమంతా ఎర్రమట్టి దిబ్బలకే కేటాయించవలె. సినిమా పాటల వల్ల ఈ దిబ్బలు అందరికీ తెలిసినవే. వాని కథ తెలిసినవారు తక్కువ. చివరి మంచుయుగంలో సముద్రమట్టం నేటికంటె వంద మీటర్లకు పైగా దిగువన ఉండేది. బయటపడిన కడలి అడుగు ఇసుకను గాలి ఎత్తి తెచ్చి ఇక్కడ పోసినది. ఆ ఇసుకలోని ఇనుప ఖనిజాలు వేల ఏండ్లు గాలికీ నీటికీ తుప్పుపట్టి, రేణువు రేణువుకూ ఎర్రని పూత పూసినవి. పిమ్మట వానలు దానిని కోసి లోయలు చేసినవి. దక్షిణాసియాలో ఇట్టి ఎర్ర తీరపు ఇసుక తమిళనాడులోనూ సింహళంలోనూ తప్ప చెప్పుకోదగినంతగా లేదు. ఇది జాతీయ భూవిజ్ఞాన స్మారకం; 2025లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలాల తాత్కాలిక జాబితాలో కూడ చేరినది. అయినను 2024లో దిబ్బల ప్రక్కనే యంత్రాలు నేల చదును చేయడం పెద్ద వివాదమైనది. ఇది రాయి కాదు, గట్టిపడీ పడని ఇసుక. నలభైమంది పిల్లలు గట్టు అంచున జారుడాట ఆడితే ఏ వానా చేయని నష్టం ఒక సాయంత్రంలో జరుగుతుంది. లోయ అడుగున నడిపించి, తల ఎత్తి చూడమనాలి. గోడలలోని పొరలను నోటుపుస్తకంలో గీయించవచ్చు. పిడికెడు మట్టి కూడ ఇంటికి తేరాదు.

రెండవనాడు భీమిలిలో డచ్చివారి సమాధులు, కోనాడ సంగమం చూచి శ్రీకాకుళం చేరితే చాలు. మూడవనాడు శ్రీకూర్మం, శాలిహుండం, కళింగపట్నం. శ్రీకూర్మంలో స్వామి కూర్మావతారుడు. ఆలయ ప్రాంగణంలో నక్షత్రపు తాబేళ్లను పెంచుతారు. బారువలో చూడబోయే జీవికి ఇది తగిన ఉపోద్ఘాతం. శాలిహుండం కొండ మీది స్తూపాల నడుమ నిలుచుంటే క్రింద వంశధార సముద్రం వైపు సాగిపోవడం కనబడుతుంది.

నాలుగవనాడు టెక్కలి దగ్గరి తేలినీలాపురం. గూడబాతులూ ఎర్రకాళ్ల కొంగలూ అక్కడి చెట్ల మీద గూళ్లు కట్టి పిల్లలను లేపుతవి. ఇవి సైబీరియా నుండి వస్తవని పుస్తకాలలో సైతం కనిపిస్తుంది. ఉపాధ్యాయులు ఈ మాటను సవరించవలె. ఈ రెండూ దక్షిణాసియా పక్షులే. నీరూ చేపా దొరికే చోటును బట్టి ఈ దేశంలోనే తిరుగుతుంటవి. మన పక్షికి పరదేశపు పుట్టుక అంటగడితేనే గౌరవం కలుగుతుందని కాబోలు! గ్రామస్థులు వానిని శుభసూచకంగా భావించి కాపాడుతున్నారు. చెట్ల క్రింద కేకలు వేయరాదు. బెదరిన తల్లి లేచిపోతే గూటిలోని పిల్ల ఎండకు మాడుతుంది.

చివరి మజిలీ బారువ. ఆలివ్ రిడ్లే తాబేళ్లు జనవరి నుండి మార్చి దాకా రాత్రివేళ ఈ తీరానికి వచ్చి, ఇసుక త్రవ్వి, గ్రుడ్లు పెట్టి పోతవి. నలభై అయిదు నుండి అరవై రోజులలో పిల్లలు బయటపడతవి. ఆ పిల్లలు వెలుతురు ఎటు ఉంటే అటు నడుస్తవి. దీపం లేని తీరంలో వెలుతురు సముద్రం వైపే ఉంటుంది. బడి పిల్లవాడి చేతిలో టార్చిలైటు వెలిగితే దారి తప్పి ఊరివైపు మళ్లుతవి. అందుకే ఈ మజిలీకి అమావాస్య దగ్గరి చీకటి రాత్రి కావలె. శివరాత్రి అట్టిదే గాని ఆనాడు సంగమ స్నానాలకు జనం చేరుతారు. ఒకటి రెండు రాత్రులు ముందుగా పోవడం మంచిది. అటవీశాఖ వారికి ముందే జాబు వ్రాసి అనుమతి పొందవలె. తాబేలు వస్తుందని ఎవరూ మాట ఇవ్వలేరు. పిల్లలకు ఆ సంగతి బయలుదేరకముందే చెప్పి, చేతి దీపాలూ సెల్‌ఫోనులూ ఒక సంచిలో వేయించి, సరుగుడు తోపు అంచున కూర్చోబెట్టవలె. మరునాటి రైలు సోంపేట స్టేషనులో. అది దగ్గరే గనుక తెల్లవారేదాకా తొందర లేదు.