పిన్ని పోయాక ఫాదర్ అయిన మా బాబాయి

సూరత్ దగ్గరి కడోదరా చౌకడీ చుట్టుపక్కల డైయింగ్ మిల్లుల్లో పనిచేసే తెలుగువాళ్ల మధ్య మా బాబాయి ప్రస్తావన వస్తే ఇప్పటికీ అదే ప్రశ్న. పెళ్లయి పిల్లలున్న మనిషి కేథలిక్ ఫాదర్ ఎలా అయ్యాడు? సంసారాన్ని గాలికొదిలేసి పోయాడని అనేవాళ్లూ ఉన్నారు. ఆయన కన్నుమూశాక ఆ మాట వింటుంటే నాకు మరీ బాధగా ఉంటోంది. అసలు ఆ దారి ఎలాంటిదో తెలిస్తే అలా అనరు.

మన దగ్గర ఎక్కువగా కనిపించే లాటిన్ రీతి కేథలిక్ సంఘంలో, భార్య ఉన్న మనిషికి మామూలుగా గురుపట్టం, అంటే ఫాదర్ హోదా, ఇవ్వరు. భార్య చనిపోతే ఆ అడ్డు ఉండదు. మా పిన్ని పోయాకే బాబాయి ఆ దారి పట్టాడు. ఇంగ్లండులో హెన్రీ మానింగ్ భార్య 1837లో పోయింది. అప్పటికి ఆంగ్లికన్ పాదిరిగా ఉన్న ఆయన 1851లో కేథలిక్ గురువై, 1875లో కార్డినల్ కూడా అయ్యాడు. ఇక వయసంటారా, 1983 నాటి సంఘ చట్టం కనీసం 25 ఏళ్లు నిండాలంటుందే తప్ప పైహద్దు పెట్టలేదు. పెద్ద వయసులో పిలుపు అందినవాళ్లను ఆదరించమని బిషప్పులకు విడిగా చెబుతుంది కూడా. అయినా చివరిమాట బిషప్పుదే. పిల్లలు తమ కాళ్ల మీద నిలబడ్డారా, ఒంట్లో ఓపిక ఉందా అని చూడకుండా సరే అనరు.

ఆ తర్వాత చదువు. తత్వశాస్త్రం, దైవశాస్త్రం కలిపి కనీసం ఆరేళ్లు. కొడుకుల ఈడు కుర్రాళ్ల పక్కన కూర్చుని పరీక్షలు రాయాలి. జెస్యూట్ సభను స్థాపించిన ఇగ్నేషియస్ లొయోలా కూడా ముప్ఫై దాటాక బార్సిలోనాలో చిన్నపిల్లలతో కలిసి లాటిన్ నేర్చుకుని, 1537లో గురువయ్యాడు. చదువు చివర్లో డీకన్ పట్టం, ఆపైన కనీసం ఆరు నెలల ఎడంతో గురుపట్టం.

పట్టాభిషేకంలో బిషప్ కొత్త గురువు అరచేతులకు పవిత్ర తైలం పూస్తారు. ఏళ్ల తరబడి డైయింగ్ మిల్లులో జెట్ మెషీన్ల దగ్గర రంగునీళ్లలో నాని మొరటుదేలిన బాబాయి చేతులకు ఆ తైలం పూస్తుంటే మా నాయనమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

జనానికి తెలియని ముఖ్యమైన సంగతి ఇంకొకటుంది. సన్యాస సభల్లో చేరినవాళ్లు పేదరికపు మాటపట్టు తీసుకుంటారు. పీఠానికి (డయోసీస్‌కు) చెందిన గురువులు అలా తీసుకోరు. బ్రహ్మచర్యం పాటిస్తామని, బిషప్ మాటకు లోబడి ఉంటామని ప్రమాణం చేస్తారు. సొంత ఇల్లు ఉంచుకోవచ్చు, పిల్లలకు రాసి ఇవ్వొచ్చు. సొంతూరి పీఠంలో చేరిన బాబాయి అలాగే చేశాడు. మా చెల్లెలి పెళ్లికి ఆమెను చేయిపట్టి తీసుకొచ్చిందీ ఆయనే, విచారణ (పారిష్) గురువు అనుమతితో పూజ చేసి పెళ్లి జరిపించిందీ ఆయనే. ఇల్లొదిలేసిన మనిషి చేసే పనులా ఇవి?

ఆయన్ను తలుచుకోవాలంటే సొంతూరి దాకా వెళ్లక్కర్లేదు. సూరత్ 1966లో ఏర్పడిన బరోడా పీఠం కిందికి వస్తుంది. ఇక్కడి ఏ విచారణలోనైనా ఆయన ఆత్మశాంతికి పూజ పెట్టించొచ్చు. నవంబర్ 2న, సమాధుల పండుగనాడు, చనిపోయినవాళ్లందరి కోసం ఎలాగూ పూజలుంటాయి. మిల్లులో ఆయనతో పనిచేసినవాళ్లు కేథలిక్కులు కాకపోయినా రావచ్చు, మాతోపాటు కూర్చోవచ్చు.