జిల్లా జనాభా లెక్కల్లో వలస: ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ - ఒక పరిశీలన

ఒక రాష్ట్రంలోని జిల్లాల మధ్య వలసల తేడాను అంచనా వేయడానికి పరిశోధకులు సాధారణంగా ముందు చూసేది దశాబ్ద జనాభా వృద్ధి రేటు. జనం తగ్గిన చోటు నుంచి వలస పోయారని, పెరిగిన చోటికి వలస వచ్చారని భావించడం సహజం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని 23 జిల్లాలకు చివరిసారిగా జరిగిన 2011 జనగణనను ఈ పద్ధతిలో చదివితే విచిత్రమైన ఫలితం వస్తుంది. 2001-2011 మధ్య రాష్ట్ర జనాభా 10.98 శాతం పెరిగింది. వలసకు మారుపేరుగా నిలిచిన మహబూబ్‌నగర్ జిల్లాలో జనాభా 35,13,934 నుంచి 40,53,028కి, అంటే 15.34 శాతం పెరిగింది. కాలువల కింద వరి పండే పశ్చిమ గోదావరిలో మాత్రం 38,03,517 నుంచి 39,36,966కు చేరి, పెరుగుదల 3.51 శాతం దగ్గరే ఆగింది. ఈ అంకెలనే నమ్మితే పాలమూరుకు జనం తరలివచ్చారని, డెల్టా ఖాళీ అవుతున్నదని చెప్పవలసి వస్తుంది.

ఈ వైరుధ్యానికి మొదటి కారణం జననాలు. జనాభా మార్పులో జననమరణాల తేడా ఒక భాగం, రాకపోకల తేడా మరొక భాగం. వృద్ధి రేటు ఈ రెండింటినీ కలిపే చెబుతుంది. డెల్టా జిల్లాల్లో కుటుంబ పరిమాణం ముందుగానే తగ్గింది. చదువుకున్న యువతరం హైదరాబాదుకు, బెంగళూరుకు, విదేశాలకు వెళ్ళడం దానికి తోడైంది. మహబూబ్‌నగర్‌లో 2011 నాటికి అక్షరాస్యత సుమారు 55 శాతం, రాష్ట్రంలో అత్యల్పం. బాల్యవివాహాలు, అధిక జననాలు అక్కడ ఇంకా కొనసాగుతున్నాయి. వలస వల్ల కలిగిన లోటును జననాలు కప్పివేశాయి.

రెండవ కారణం లెక్కించే కాలం. 2011 జనగణన ఫిబ్రవరి 9 నుంచి 28 వరకు జరిగింది. ఆ గడువంతా ఇంటికి దూరంగా ఉన్నవారిని వారున్న చోటే లెక్కించాలన్నది నియమం. పాలమూరు కూలీలు వానకాలం పంట చేతికి వచ్చాక మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకొని బయలుదేరి, తిరిగి తొలకరికి ఊరు చేరుకుంటారు. ఫిబ్రవరి నాటికి వారు ముంబయిలోనో పుణేలోనో ఏ కట్టడం దగ్గరో ఉంటారు. 2001లోనూ ఇదే నెల, ఇదే స్థితి. ఉదాహరణకు, రెండు గణనల్లోనూ లక్షమంది చొప్పున ఊళ్లో లేరనుకుంటే, ఆ లక్ష రెండు మొత్తాల్లోనూ సమానంగా తగ్గుతుంది. కాబట్టి వృద్ధి రేటులో దాని జాడ దాదాపు కనిపించదు. ఏటేటా క్రమం తప్పకుండా జరిగే వలస, కేవలం క్రమం తప్పనందువల్లనే, గణాంకాలకు అందకుండా పోతుంది.

వారిని లెక్కించిన చోటనైనా ఆ జాడ మిగులుతుందా అంటే, కొంతవరకే. జనగణన వలస పట్టికలు ప్రధానంగా గమ్యస్థానం వైపు నుంచి తయారవుతాయి. మహారాష్ట్ర పట్టికలో ఆంధ్రప్రదేశ్ నుంచి వచ్చినవారి మొత్తం దొరుకుతుంది. వారిలో నారాయణపేట, కొడంగల్ ప్రాంతాలవారు ఎందరో, ఇచ్ఛాపురం వైపువారు ఎందరో అందులో తెలియదు. వచ్చినవారికి లెక్క ఉంది, ఊరు విడిచినవారికి లేదు. జిల్లాల తేడాలను అధ్యయనం చేసేవారికి అసలు చిక్కు ఇదే.

వృద్ధి రేటు చెప్పనిదాన్ని లింగ నిష్పత్తి కొంత చెబుతుంది. 2011లో రాష్ట్రంలో వెయ్యిమంది పురుషులకు 993మంది స్త్రీలు. నిజామాబాద్‌లో ఈ సంఖ్య 1040, విజయనగరంలో 1019, శ్రీకాకుళంలో 1015, కరీంనగర్‌లో 1008. ఆరేళ్లలోపు పిల్లల్లో ఏ జిల్లాలోనూ బాలికలు వెయ్యికి చేరలేదు. కనుక ఈ ఆధిక్యం పుట్టుకతో వచ్చినది కాదు. పెద్దవయసు పురుషులు లేకపోవడం ఇందులో ముఖ్యమైన కారణం. నిజామాబాద్, కరీంనగర్ పురుషులు గల్ఫ్ దేశాలకు వెళ్ళారు. ఉత్తరాంధ్ర తీరంలోని మత్స్యకారులు గుజరాత్‌లోని వేరావల్ దాకా వెళ్ళి అక్కడి పడవలపై పనిచేస్తారు. అలా వెళ్ళినవారిలో కొందరు 2018లో సముద్ర సరిహద్దు దాటారని పాకిస్తాన్ నిర్బంధంలో చిక్కుకొని, 2020 జనవరిలో విడుదలయ్యారు. వారు బయలుదేరిన జిల్లా ఏదో దేశానికి తెలిసింది ఆ వార్తల వల్లనే తప్ప ఏ వలస పట్టిక వల్లా కాదు.

అయితే ఈ సూచిక కూడా పాలమూరు దగ్గర మూగబోతుంది. అక్కడ లింగ నిష్పత్తి 977, రాష్ట్ర సగటు కంటే తక్కువ. కారణం సులభంగానే ఊహించవచ్చు. గల్ఫ్‌కు పురుషుడు ఒంటరిగా వెళతాడు. మట్టి పనికి, కట్టడాల పనికి ఆలుమగలు కలిసి వెళతారు. మేస్త్రీలు జంటనే ఒక కూలి ప్రమాణంగా లెక్కగట్టడం ఈ రంగంలో పాత పద్ధతి. ఇద్దరూ లేనప్పుడు నిష్పత్తి మారదు. ముసలివారు, బడి వయసు పిల్లలు మాత్రం ఇంటి దగ్గర మిగిలిపోతారు, లేదా పిల్లలు బడి మాని తల్లిదండ్రుల వెంట నడుస్తారు.

దీనికి పూర్తిగా భిన్నమైన మరో రకం తేడా హైదరాబాద్, రంగారెడ్డి జిల్లాలది. హైదరాబాద్ జిల్లా వృద్ధి 2.97 శాతం, రంగారెడ్డిది 48.16 శాతం. రాజధాని ఆకర్షణ తగ్గిందని దీని అర్థం కాదు. 217 చదరపు కిలోమీటర్ల జిల్లా నిండిపోయి నగరం సరిహద్దు దాటింది. మెహిదీపట్నం నుంచి కూకట్‌పల్లికి ఇల్లు మారిన కుటుంబం అప్పటి లెక్కల్లో జిల్లా మారిన వలస కుటుంబమే. దేవరకద్ర నుంచి పుణేకు వెళ్ళి ఆరు నెలల్లో తిరిగివచ్చిన కుటుంబం సొంత జిల్లా అంకెల్లో వలస కుటుంబంగా నమోదయ్యే అవకాశం చాలా తక్కువ. కష్టానికీ గణాంకానికీ ఉన్న దూరం ఇంత.

జిల్లాల స్వభావం శాశ్వతం కాదని కూడా గమనించాలి. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక గోదావరి డెల్టా ఉత్తరాది జిల్లాల నుంచి కూలీలను ఆకర్షించింది. 1931 నాటికి నిజాంసాగర్ సిద్ధం కాగానే కోస్తా రైతులు నిజామాబాద్ ప్రాంతానికి వచ్చి భూములు కొని స్థిరపడ్డారు. నేడు గల్ఫ్‌కు పంపుతున్న నిజామాబాదే ఒకనాడు ఆహ్వానించిన జిల్లా. వలసను కరవుతో మాత్రమే ముడిపెట్టే వివరణలు ఈ చరిత్ర ముందు నిలవవు.

2021లో జరగవలసిన జనగణన జరగలేదు. రాబోయే గణనకు 2027 మార్చి 1ని ప్రామాణిక తేదీగా ప్రకటించారు. ఈలోగా తెలంగాణలో 10 జిల్లాలు 33 అయ్యాయి, ఆంధ్రప్రదేశ్‌లో 13 జిల్లాలు 2022లో 26 అయ్యాయి. పాత మహబూబ్‌నగర్ గ్రామాలు ఇప్పుడు వనపర్తి, నాగర్‌కర్నూల్, జోగులాంబ గద్వాల, నారాయణపేట తదితర జిల్లాల్లో చెదిరి ఉన్నాయి. 2011తో పోల్చాలంటే మండలాల వారీగా అంకెలను మళ్ళీ కూర్చుకోక తప్పదు. పైగా లెక్కింపు మళ్ళీ ఫిబ్రవరిలోనే, కూలీలు ఊళ్లో లేని కాలంలోనే వస్తుంది. జాతీయ నమూనా సర్వే 2007-08లో ఒక నెలకు తక్కువ కాకుండా, ఆరు నెలలు దాటకుండా పనికోసం బయట ఉన్నవారిని విడిగా గుర్తించింది. కానీ నమూనా చిన్నది కావడం వల్ల జిల్లా స్థాయిలో దానిపై ఆధారపడలేం. ఆ స్థాయిలో పనికివచ్చే ఆధారాలు గ్రామంలోనే ఉన్నాయి: ఉపాధి హామీ మస్టర్లలో నెలల వారీగా కనిపించని పేర్లు, రేషన్ దుకాణాల్లో విడిపించని సరుకులు, వలస కూలీల పిల్లలకోసం నడిపిన సీజనల్ హాస్టళ్ల హాజరు పట్టికలు. దసరా తర్వాత ఏ ఊరి నుంచి ఎందరు పిల్లలు ఆ హాస్టళ్లలో చేరారో చూస్తే, ఆ ఊళ్లో ఎన్ని ఇళ్లకు తాళాలు పడ్డాయో తెలుస్తుంది.