తలుపు తెరుచుకోవాలి... లోపలినుంచి కూడా!

శత్రువును బయటే ఆపాలి. పానగల్ కొండమీది కోటకు ముండ్లగవిని కట్టించినవారి ఆలోచన అదే. మరి ఆ కోట కింద రోడ్డుమీద తిరిగే జీపులూ, ట్రాలీ ఆటోలూ, కార్ల తలుపుల సంగతో? దొంగను ఆపడం ఒక్కటే వాటి పని కాదు. ఆపద వస్తే లోపలివాళ్లను బయటికి పంపడం కూడా! తాళం చెడినప్పుడు చాలామంది మరచిపోయేది ఈ రెండో పనినే.

నాట్లకో, పత్తి ఏరడానికో కూలీలను తీసుకెళ్లే బండ్లను చూడండి. తలుపు సరిగా పడకపోతే తాడుతో కట్టేస్తారు. లేదంటే బయటివైపు ఓ గొళ్లెం వెల్డింగ్ చేయిస్తారు. ఖర్చు తక్కువ, పనీ అయిపోయింది. కానీ బండి బోల్తాపడితే ఆ గొళ్లెం లోపలివారి చేతికి అందదు.

తప్పు ఎవరిది?

తలుపు మొరాయించగానే 'లాక్ పోయింది, కొత్తది వేయాల్సిందే' అనుకుంటాం. నిజానికి చాలాసార్లు దోషం దానిది కాదు. హ్యాండిల్ లాగితే తలుపు లోపలున్న సన్నటి ఇనుప రాడ్డో, తీగో కదులుతుంది. అది లాచ్‌ను వదిలిస్తుంది. చట్రానికి ఉన్న కొక్కెంనుంచి లాచ్ విడిపోతే తలుపు తెరుచుకుంటుంది. ఈ గొలుసులో ఎక్కడ తెగినా ఫలితం ఒక్కటే!

హ్యాండిల్ వదులుగా ఊగుతోందా? రాడ్డును పట్టి ఉంచే చిన్న ప్లాస్టిక్ క్లిప్పు విరిగి ఉండొచ్చు. గట్టిగా కొడితేగానీ పడటం లేదా? తలుపును సగం తెరిచి, కిందనుంచి పైకి ఎత్తి చూడాలి. కదిలితే కబ్జాలు అరిగినట్టే. అప్పుడు లాక్ మార్చినా లాభం లేదు. తాళంచెవి తిరగనంటోందా? దుమ్ము చేరి ఉంటుంది. ఇంజిన్ ఆయిల్ పోస్తే అప్పటికి పనిచేసినా మరింత దుమ్మును పట్టుకుంటుంది. పెన్సిల్ ములుకు పొడిలాంటి గ్రాఫైట్ మేలు. లాచ్‌కు మాత్రం మట్టి తుడిచి కొద్దిగా గ్రీజు రాయాలి. దాని పళ్లు అరిగిపోయినా, స్ప్రింగు విరిగినా మరమ్మతు చేయించకూడదు, మార్చేయాల్సిందే. నడిచే బండిలో తలుపు ఊడి తెరుచుకుంటే ప్రాణాలకే ముప్పు.

మరచిపోలేని ఉదయం

ఇదే వనపర్తి జిల్లా కొత్తకోట మండలం పాలెం దగ్గర 2013 అక్టోబరు 30 తెల్లవారుజామున బెంగళూరునుంచి హైదరాబాద్ వస్తున్న ప్రైవేటు బస్సు కల్వర్టును ఢీకొని మంటల్లో చిక్కుకుంది. 45 మంది సజీవదహనమయ్యారు. నిద్రలో ఉన్నవాళ్లకు బయటపడే వ్యవధే దొరకలేదు. తలుపు విషయంలో ఒక్కో క్షణం ఎంత విలువైందో చెప్పడానికి ఇంతకంటే ఏం కావాలి?

ఆగి ఉన్న కారూ ప్రమాదమే. 2025 ఏప్రిల్‌లో చేవెళ్ల మండలం దామరగిద్దలో ఇద్దరు చిన్నారులు, మే నెలలో విజయనగరం దగ్గర ద్వారపూడిలో నలుగురు పిల్లలు ఆటలాడుతూ కార్లలోకి ఎక్కి, బయటికి రాలేక ప్రాణాలు విడిచారు. ఎండలో మూసి ఉన్న కారులో వేడి నిమిషాల్లోనే పెరిగిపోతుంది. అందుకే ఇంటిముందు నిలిపినా కారుకు తాళం వేయాలి, తాళంచెవి పిల్లలకు అందనివ్వకూడదు. లోపల చిక్కుకుంటే హారన్ మోగించాలని పిల్లలకు నేర్పాలి.

ఒక్క నిమిషం పరీక్ష

తాళం బాగుచేయించాక డబ్బులిచ్చి వచ్చేయకండి. బండిలో కూర్చుని, తలుపులన్నీ వేసుకుని, ఒక్కోదాన్నీ లోపలినుంచి తెరిచి చూడండి. వెనక తలుపు తెరుచుకోకపోతే అంచున ఉండే చైల్డ్ లాక్ మీట ఎటు ఉందో గమనించండి. బ్యాటరీ దిగిపోతే రిమోట్ పనిచేయకపోవచ్చు. అప్పుడు మామూలు తాళంచెవితో డ్రైవర్ తలుపు తెరుచుకుంటుందో లేదో కూడా చూసుకోవాలి.

కోట తలుపు ఎంత గట్టిదైతే అంత గొప్ప. బండి తలుపుకు గట్టిదనం ఒక్కటే చాలదు. అవసరమైన క్షణంలో చిన్నపిల్ల లాగినా తెరుచుకోవాలి!