రోజుకు ఆరు వాక్యాలు



మన హాస్టల్ గోడపత్రికకు ప్రతి సంవత్సరం జూలైలో ముప్పై మంది దాకా ఉత్సాహంగా పేర్లిస్తారు. సంక్రాంతి వచ్చేసరికి నలుగురైదుగురు మిగులుతారు. పదో తరగతి పూర్తిచేసి వెళ్ళిపోయాక ఆ నలుగురిలో కలం పట్టేది ఒకరో ఇద్దరో. ఎవరినీ తప్పుపట్టడానికి ఈ మాట రాయడం లేదు. మానేసినవాళ్ళలో మేమూ ఉన్నాం. ఎందుకు మానేశావంటే అందరం చెప్పేది ఒకటే, "టైం లేదు" అని.

అది అబద్ధమేమీ కాదు. పొద్దున్నే బెల్లు, నీళ్ళ దగ్గర వరుస, స్టడీ అవర్, బడి, మళ్ళీ స్టడీ అవర్. సెలవులకు ఇంటికి పోతే అక్కడ పని కాచుకుని ఉంటుంది. వానలు సరిగా పడని ఏడు మన మార్కాపురం, గిద్దలూరు వైపు పల్లెల్లో ఇంటికి తాళం వేసి మిరపకోతలకు పోయే కుటుంబాల్లో మనవీ ఉంటాయి. అలాంటి బతుకులో రాయడం ఎలా నిలబడుతుంది? ఈ సంచికలో దాని గురించే చెప్పాలనుకున్నాం.

తీరిక దొరికాక రాద్దాంలే అనుకునేవాళ్ళు గుర్రం జాషువా గారి జీవితం తెలుసుకోవాలి. ఆయన మనకు దూరం వారేమీ కాదు. మార్కాపురం రోడ్డు స్టేషన్లో గుంటూరు రైలెక్కితే దొనకొండ, కురిచేడు దాటాక వచ్చే వినుకొండలోనే 1895లో పుట్టారు. మొదట నెలకు మూడు రూపాయల జీతానికి బడిపంతులు. ఆ ఉద్యోగం పోయింది. 1915-16లో రాజమండ్రి వెళ్ళి మూకీ సినిమాలకు వాచకుడిగా చేరారు. అంటే తెర మీద బొమ్మ కదులుతుంటే పక్కన ఉండి కథ, సంభాషణలు చదివి వినిపించడం. తర్వాత గుంటూరులో ఉపాధ్యాయ శిక్షణ పాఠశాలలో పదేళ్ళు పనిచేశారు. 1928 నుంచి 1942 వరకు అక్కడే ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో తెలుగు పండితులు.

ఇక్కడ సంవత్సరాలు కొంచెం గమనించండి. 'ఫిరదౌసి' వచ్చింది 1932లో, 'గబ్బిలం' 1941లో. గుడిలోకి అడుగుపెట్టనివ్వని మనిషి, గుడిలో స్వేచ్ఛగా తిరిగే గబ్బిలంతో శివుడికి కబురు పంపే ఆ కావ్యం, పగలంతా పిల్లలకు పాఠాలు చెప్పే ఉద్యోగం చేస్తున్న రోజుల్లో వచ్చిందన్నమాట. అంటరానితనం అవమానాలు ఒకపక్క, ఉద్యోగం ఒకపక్క. ఆ రోజులు తీరిక రోజులని ఎవరూ అనలేరు.

మహారాష్ట్రలోని ఫల్టణ్‌లో బేబీ కాంబ్లే అని ఒక దళిత స్త్రీ ఉండేవారు. ఆవిడ చదివింది నాలుగో తరగతి. చిన్న కిరాణా కొట్టు నడిపేవారు. సరుకులు పొట్లం కట్టడానికి తెచ్చిన పాత పేపర్లే ఆవిడకు గ్రంథాలయం. బేరం లేనప్పుడు కొట్లోనే కూర్చుని తన బతుకును, తన జాతి బతుకును రాసుకునేవారు. భర్తకు తెలిస్తే ఊరుకోడని ఆ కాగితాలు దాదాపు 20 ఏళ్ళు దాచిపెట్టారు. 1986లో అది మరాఠీలో పుస్తకంగా వచ్చింది, తర్వాత ఇంగ్లీషులోకీ వెళ్ళింది. ఆవిడకు గది లేదు, బల్ల లేదు. ఒక చోటు, దాచుకునే మూల, బేరం బేరానికీ మధ్య కాసింత సమయం ఉన్నాయి.

అందుకే మేము ఈ ఏడు ఒక పద్ధతి పెట్టుకుని చూశాం. రాత్రి భోజనం అయ్యాక, ప్లేటు కడిగి పడుకునేలోపు ఆరు వాక్యాలు. ఆరే ఎందుకంటే, నిద్ర వస్తున్నా ఆరు రాయవచ్చు. రోజూ రాస్తే ఏడాదికి 2,190 వాక్యాలు. వేళ మారకుండా ఉండడమే ఇందులో కీలకం. "ఇవాళ ఎప్పుడు రాయాలి" అని ఆలోచించాల్సి వచ్చిందంటే ఆ రోజు గండి పడినట్టే. తారీఖు తప్పకుండా వేయాలి. మధ్యలో పది రోజులు పోయాయా, పోనివ్వండి. పోయిన రోజులన్నీ కూడదీసి రాయబోతే భారమైపోయి మొత్తానికే మానేస్తాం, మాకు జరిగింది అదే. ఇవాళ్టి ఆరుతో మొదలుపెట్టడమే. పరీక్షలప్పుడు ఒక్క వాక్యం చాలు.

ఏం రాయాలని చాలామంది అడుగుతారు. కవిత్వమే రాయనక్కర్లేదు. నీళ్ళ ట్యాంకరు వచ్చినప్పుడు బిందెల వరుసలో ఎవరు ముందు, ఎవరు వెనక? మిరపకాయలు కోసిన చేతులు మండితే అమ్మ ఏం పూసుకుంటుంది? మేస్త్రీ కూలి లెక్క ఎలా కట్టాడు? ఇవి మనకు తెలిసినంతగా పట్నంలో కూర్చుని రాసేవాళ్ళకు తెలియవు. మనం రాయకపోతే మన తాతలవి పోయినట్టే ఇవీ పోతాయి.

పోవడం అంటే గుర్తొచ్చింది. మార్కాపురం అంటే పలకలు. ఇక్కడి నేలలో దొరికే ఆ రాయి, ఏనాటి బంకమన్నో భూమి లోపలి ఒత్తిడికి, వేడికి గట్టిపడినది, అందుకే పొరలు పొరలుగా చీలుతుంది. దాన్ని పలుచగా చీల్చి, కోసి, చట్రం బిగిస్తే పలక. మనలో కొందరి ఇళ్ళవాళ్ళు ఆ పని చేసినవాళ్ళే. నోటుపుస్తకాలు వచ్చాక బడిపలకకు గిరాకీ తగ్గిపోయింది. అయితే పలకకు ఒక గుణం ఉంది. ఎంత బాగా రాసినా పొద్దున్నే తుడిచెయ్యాలి. ఇంట్లో నాన్న సెల్‌ఫోనులో రాసుకున్నదీ అంతే, ఫోను చెడిపోతే అదీ పోతుంది.

పుస్తకంలో రాసినా జాగ్రత్త లేకపోతే పోతుంది. మాలో ఒకతను ఏడాదంతా రాసిన నోటుపుస్తకం వేసవి సెలవుల్లో ఇంట్లో పెట్టి వెళ్ళాడు. పాత పుస్తకమే కదా అని తూకానికి అమ్మేశారు. వాళ్ళమ్మకు చదువు రాదు, ఆమె తప్పేముంది? లోపల ఉన్నదంతా ఆమె గురించేనని అతను ఇప్పటికీ ఇంట్లో చెప్పలేదట.

అప్పటి నుంచి రాసిన పుస్తకానికి అట్ట వేసి, పైన పెద్దక్షరాలతో పేరు రాసి, ప్లాస్టిక్ కవరులో చుట్టి ట్రంకుపెట్టె అడుగున పెడుతున్నాం. సెలవులకు పోయేముందు ఇంట్లో అందరికీ చూపించి, ఇది అమ్మేది కాదని చెబుతున్నాం. కొత్త పుస్తకం కొననక్కర్లేదు. నిరుటి నోటుపుస్తకాల్లో చివర మిగిలిన తెల్లకాగితాలు చింపి కుట్టుకుంటే ఒకరికి ఆరు నెలలు వస్తాయి. దబ్బనం, దారం గోడపత్రిక పెట్టెలో ఉన్నాయి. తీసుకున్నవాళ్ళు దయచేసి మళ్ళీ అక్కడే పెట్టండి.