పడవలు పోయాయి, గట్టు మీద మనుషులున్నారు

ధవళేశ్వరం వెళ్ళినవాళ్ళంతా బ్యారేజీ చూస్తారు, కాటన్ దొర విగ్రహం చూస్తారు. కాలవ లాకుల దగ్గర ఆగేవాడు తక్కువ. ఆ లాకుల పక్కన గట్టు మీద గుడిసెలు వేసుకుని, పడవనే నమ్ముకుని బతికిన కూలి జనం గురించి నాలుగు మాటలు చెప్పుకోవాలి.

1832–33 నందన కరువులో జనం పిట్టల్లా రాలిపోయిన నేల ఇది. గోదావరి పక్కనే పారుతున్నా చేలకు నీళ్ళు లేవు. 1847లో ఆనకట్ట పని మొదలై 1852లో పూర్తయింది. పదివేలమంది కూలీలు పనిచేశారని చెబుతారు. పక్క కొండ రాయి కొట్టింది వాళ్ళు, ఏట్లో వేసింది వాళ్ళు. వాళ్ళ పేర్లు ఏ ఫలకం మీదా కనపడవు.

కాటన్ కాలవల్ని పంటకు మాత్రమే తవ్వించలేదు, పడవలకీ తవ్వించాడు. రైలు కన్నా నీటిదారి చవక అని వాదించిన మనిషి ఆయన. నీటిమట్టం మారే చోటల్లా లాకులు కట్టారు. పడవ లోపలికి రాగానే తలుపులు మూసి, నీళ్ళు నింపి పైకి లేపుతారు, లేదా వదిలి కిందికి దించుతారు. పడవలు వరస కట్టి ఎదురుచూసేవి. ఆ ఎదురుచూపుల్లోనే పేట పుట్టింది. టీ కొట్టు, బియ్యం కొట్టు, తాళ్ళు పేనేవాళ్ళు, తెరచాప కుట్టేవాళ్ళు, బస్తాలు మోసేవాళ్ళు. ఊళ్ళో సెంటు భూమి లేనివాళ్ళకి ఆ గట్టే ఊరు.

ధాన్యం కాకినాడ వేపు దిగేది, ఉప్పు పైకొచ్చేది. దిగేటప్పుడు ప్రవాహమే తోసేది. ఎక్కేటప్పుడుంది అసలు కష్టం. "గాలుంటే తెరచాప, లేపోతే మా బుజాలేనండి బాబూ. మోకు బుజానేసుకుని గట్టెంట నడిసేవోళ్ళం" అన్నాడు నాతో ఓ ముసలాయన. తాడు ఒరిసిన చోట చర్మం కాయకాసి నల్లబడింది. పడవ షావుకారుది, తాడు మాత్రం కూలోడిది!

ఈ బతుకు ఒక్కరోజులో కూలిపోలేదు. 1900లో రాజమండ్రి దగ్గర రైలు వంతెన మీద బళ్ళు నడవడం మొదలయ్యాక దూరపు సరుకు పట్టాలెక్కింది. స్వాతంత్ర్యం వచ్చాక రోడ్లు పడ్డాయి, ఇంటి గుమ్మందాకా లారీ వచ్చింది. కాలవలో పూడిక తీసేవాళ్ళు కరువయ్యారు. 1974లో కొవ్వూరు రోడ్డు-రైలు వంతెన, 1982లో కొత్త బ్యారేజీ, దాని మీద రోడ్డు. ఏరు దాటించే పడవకీ పని పోయింది.

వంతెన వద్దని ఏ కూలోడూ అనలేదు. రోగం వస్తే వాడూ దాని మీదనించే ఆసుపత్రికి పోవాలి. వాడడిగింది ఒకటే: నా పని పోతోంది గదా, నాకేం చూపిస్తారు? జవాబు చెప్పినవాడు లేడు. మా సంఘం మాత్రం చేసిందేముంది? చేలో దిగినవాణ్ణే వ్యవసాయ కార్మికుడన్నాం, ఆ చేను పండించిన ధాన్యాన్ని రేవుకి చేర్చినవాణ్ణి సభ్యత్వ పుస్తకంలో రాసుకోలేదు. ఆ తప్పు ఒప్పుకోవాలి. వాళ్ళ పిల్లలు ఇప్పుడు ఇసక రేవుల్లో, తాపీ పనుల్లో, ఊడ్పుల్లో, కోతల్లో మనతోపాటే ఉన్నారు.

2008లో కేంద్రం ఈ దారిని 4వ జాతీయ జలమార్గమని ప్రకటించింది. కాకినాడ కాలవ, ఏలూరు కాలవ, పుదుచ్చేరిదాకా మొత్తం 1,078 కిలోమీటర్లన్నారు. పడవలు మళ్ళీ తిరిగితే మంచిదే. కాని గట్టు వెడల్పు చేస్తామన్నప్పుడల్లా ముందు కదిలేది గుడిసె. మూడు తరాలుగా ఉన్నవాణ్ణి ఆక్రమణదారు అంటారు.

కాబట్టి గట్టు మీది అన్నలకూ అక్కలకూ ఒక మాట. రేషన్ కార్డు, ఓటరు జాబితాలో పేరు, కరెంటు బిల్లు, ముసలాళ్ళ దగ్గర పడవ నాటి చీటీ ఏదున్నా పారెయ్యకండి. నకళ్ళు తీయించండి. నోటీసు వస్తే ఒక్కరే సంతకం పెట్టకుండా పేటంతా కూర్చుని చదివించుకోండి.