మీకు తెలుసా? రహీం సాబ్ గొప్పా, మనోలో గొప్పా?

టోలిచౌకి ఇరానీ హోటల్లో చాయ్ చల్లారినా తేలని వాదన ఇది. ఒకవైపు హైదరాబాద్ సిటీ పోలీస్ ఫుట్‌బాల్ జట్టును తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీం. మరోవైపు 2021-22లో హైదరాబాద్ ఎఫ్‌సీకి ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్‌ఎల్) కప్పు అందించిన స్పెయిన్ కోచ్ మనోలో మార్కెజ్.

కప్పులు లెక్కపెడితే రహీందే పైచేయి. 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదు రోవర్స్ కప్పులు పోలీసు జట్టువే. ఆయన శిక్షణలోనే భారత్ 1951లో, 1962లో ఆసియా క్రీడల స్వర్ణం గెలిచింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం. అయితే ఆ ఒలింపిక్స్‌లో ఆడినవి 11 జట్లే. హంగరీ తప్పుకోవడంతో మనకు తొలి రౌండు ఆడకుండానే గడిచిపోయింది. ఇది మనోలో అభిమానుల పాయింటు, కొట్టిపారేయలేం.

కానీ 1962 జకార్తా ఆసియా క్రీడల సంగతి వేరు. అప్పట్లో సబ్‌స్టిట్యూట్లు లేరు. తలకు కుట్లు పడిన డిఫెండర్ జర్నైల్ సింగ్‌ను రహీం ఫార్వర్డ్‌గా ఆడించారు! ఫైనల్లో దక్షిణ కొరియాపై 2-1 గెలుపులో ఒక గోల్ అతనిదే. ఇప్పటి కోచ్‌కు ఐదుగురిని మార్చుకునే వీలుంది. పోలిక అక్కడే తిరగబడుతుంది.

మనోలోకు మాత్రం కరోనా వచ్చిపడింది. కప్పు గెలిచిన ఆ సీజన్ మొత్తం గోవాలోనే, సొంత మైదానం గచ్చిబౌలికి దూరంగా. ఫైనల్లో కేరళ బ్లాస్టర్స్‌తో 1-1, పెనాల్టీల్లో 3-1.

నన్నడిగితే రహీం సాబే. 1963లో క్యాన్సర్‌తో ఆయన పోయాక ఆసియా క్రీడల ఫుట్‌బాల్ స్వర్ణం మళ్లీ మనకు రాలేదు.