దూరపు లెన్సు కొనబోవు తల్లిదండ్రులకు

మన పాఠశాల బాలబాలికలలో కొందరికి ఛాయాచిత్రములు తీయుటయందు అభిరుచి కలుగుచున్నది. ఇది మాకు సంతోషకరమైన విషయము. డీ.ఎస్.ఎల్.ఆర్. కెమెరాతో వచ్చిన 18-55 మిల్లీమీటర్ల లెన్సుతో కొన్ని మాసములు గడచిన పిమ్మట, దూరమున నున్న పక్షి చుక్కవలె పడుచున్నదని, వేరొక లెన్సు కావలెనని వారు కోరుదురు. కోరిక న్యాయమైనదే. కాని అంగడివారు ముందుగా చూపునది పెట్టెపై పెద్ద అంకె గల లెన్సును.

ఆ అంకె విలువ యెంత? చలికాలమున వేడంతాంగల్ చెరువుగట్టున నిలిచి, 20 మీటర్ల దూరమున చెట్టుపై వ్రాలిన కొంగను చూచుచున్నామనుకొందము. ప్రారంభకుల క్యానన్ కెమెరాలో 18 మిల్లీమీటర్లకు సుమారు 25 మీటర్ల వెడల్పు గల దృశ్యము పట్టును, 55కు 8 మీటర్లు, 250కి 1.8 మీటర్లు, 300కు 1.5 మీటర్లు. 55 నుండి 250కి పోవుట గొప్ప మార్పు. అచ్చటినుండి 300కు పోవుటవలన తగ్గునది ఒక మూరెడు కూడ లేదు. అందులకై ధనము వ్యయపరచుట అనవసరమని మా అభిప్రాయము.

అంతకంటె ముఖ్యమైనది చేతివణకు. దూరపు లెన్సు పక్షితో పాటు మన వణకును కూడ పెద్దది చేయును. 250 మిల్లీమీటర్ల వద్ద సెకండులో 400వ వంతు వేగమైనను లేనిచో, సామాన్యముగా బొమ్మ అలుకుకొని పోవును. వణకును సరిదిద్దు ఏర్పాటును క్యానన్‌వారు ఐ.ఎస్. అనియు, నికాన్‌వారు వీ.ఆర్. అనియు పిలుతురు. క్యానన్ 75-300 లెన్సులో నేడు చవుకగా దొరకు రకమునకు ఇది లేదు. 2013లో వెలువడిన 55-250 ఐ.ఎస్. ఎస్.టి.ఎం. లెన్సుకు కలదు, బరువు 375 గ్రాములే కనుక పిల్లల చేతికి భారము కాదు. నికాన్‌వారి ఏ.ఎఫ్.-పి. 70-300 లెన్సు రెండు విధములుగా వచ్చినది. పేరులో వీ.ఆర్. అను అక్షరములున్నదానినే అడుగవలెను. డీ90, డీ3000, డీ5000 వంటి పాత కెమెరాలకు ఈ ఏ.ఎఫ్.-పి. లెన్సులు పనిచేయవు. కావున కెమెరాను వెంట తీసికొని పోవుట మేలు.

వార్షికోత్సవ నాటకమును తీయుటకే లెన్సు కొనదలచినవారు మాత్రము ఒక్క క్షణము ఆగవలెను. ఈ లెన్సులు వెలుతురును కొద్దిగానే లోనికి రానిచ్చును. వణకు నివారణ మన చేతిని నిలుపునే గాని, వేదికపై నాట్యమాడు బాలికను నిలుపదు! ఎఫ్ 1.8 గల చిన్న 50 మిల్లీమీటర్ల లెన్సు, ఎఫ్ 5.6 కంటె దాదాపు పదిరెట్ల వెలుతురు పట్టును. దానితో ముందు వరుసలో కూర్చుండుట మంచిది.

మిర్రర్‌లెస్ కెమెరాలకు మారినవారు తమ పాత లెన్సులను అమ్మివేయుచున్నందున, వాడిన సరకు చవుకగా లభించుచున్నది. మేము దానిని నిషేధింపము. అయితే లెన్సు వెనుకనుండి టార్చి వేసి చూడవలెను. సాలెగూటి పోగులవంటివి లోపల కనబడినచో అది బూజు. తీరప్రాంతములందు, తేమగల ఇండ్లలో, ఇది సాధారణము. అట్టిదానిని ఎంత తగ్గించి యిచ్చినను కొనరాదు. పిదప చివరి అంకె వద్ద నిలిపి, వీధిలోని దూరపు నామఫలకమునొకదానిని తీసి, అక్షరములు స్పష్టముగా నున్నవో లేవో బిడ్డచేతనే చూపించి, అటుపిమ్మట సొమ్ము చెల్లింపుడు.